చిన్న ఇంజన్‌లో దాక్కునే చోటు లేదు

(ఒంగోలులో డిప్లొమా ఆటోమొబైల్ విద్యార్థులు, ఊళ్లోని మెకానిక్కులు, పాత కార్లంటే ఇష్టమున్నవాళ్లు కలిసి పెట్టుకున్న సభలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్ద మేస్త్రీలు కూర్చున్నారు. షెడ్డు మూసుకుని, ఒక పూట పని వదులుకుని వచ్చారు కాబట్టి ముందుగా వాళ్లకు నమస్కారం. వెనకాల డిప్లొమా పిల్లలున్నారు. అబ్బాయిలూ, అమ్మాయిలూ, ఈ బల్ల కనిపించేట్టుగా కొంచెం ముందుకు జరగండి. నా మాట వినపడకపోయినా పర్లేదు, ఇది మాత్రం కనపడాల.

బల్ల మీద ఉన్నది మారుతి 800 ఇంజన్. హెడ్డు విప్పి పక్కన పెట్టాం, చాంబర్, అంటే అడుగున ఆయిల్ ఉండే తొట్టి, తీసేశాం. ఇద్దరు మనుషులు పట్టుకుంటే లేచి బల్ల మీదికొచ్చేసింది. దీన్ని చూసి చాలామంది ‘ఇంతేనా’ అంటారు. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. చిన్న ఇంజన్ అంటే డబ్బులు లేనోడి ఇంజన్ అనీ, పెద్దది చెయ్యలేక చిన్నది చేశారనీ మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. నేను చదువు చెప్పిన కాలమంతా దీనికి ఎదురే చెప్పాను, ఇవాళా చెప్తాను. పెద్ద ఇంజన్‌లో తప్పుంటే కప్పిపుచ్చుకోవచ్చు. బలం తక్కువైందా, బోరు పెంచు. వేడెక్కుతోందా, పెద్ద రేడియేటర్ పెట్టు. అదురుతోందా, బరువు పెంచు. చిన్న ఇంజన్ చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. డబ్బు కట్టడి, ఇనుము కట్టడి, పెట్రోలు కట్టడి, చోటు కట్టడి. ఇన్ని కట్టళ్ల మధ్య ప్రతి బోల్టుకీ ‘నువ్వెందుకున్నావు’ అని అడిగి, జవాబు చెప్పినదాన్నే ఉంచాలి. అందుకే మంచి చిన్న ఇంజన్ని విప్పితే, చేసినోడి ఆలోచన మొత్తం బయటపడుతుంది.

ఇప్పుడు దీన్ని దగ్గరగా చూద్దాం. మూడు బోర్లు, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలు. ఒక్కొక్కటి అడ్డంగా 68.5 మిల్లీమీటర్లు. పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం, అంటే స్ట్రోకు, 72 మిల్లీమీటర్లు. లెక్క కట్టండి: ఒక్కో సిలిండర్‌కి 265 సీసీ చొప్పున మూడింటికి 796. ‘ఎనిమిది వందలు’ అని మనం అనే పేరు అక్కణ్ణించి వచ్చింది. సిలిండర్‌కి రెండు వాల్వులు, వాటిని తెరిచేదానికి పైన ఒకే క్యామ్ షాఫ్ట్, దాన్ని తిప్పేదానికి ఈ రబ్బరు బెల్టు. గొలుసు లేదు, పుష్ రాడ్లు లేవు. హెడ్డు అల్యూమినియం.

క్రాంక్ షాఫ్ట్ చూడండి. మూడు మెడలూ ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో ఉన్నాయి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రెండు పిస్టన్లు పైకి పోతే రెండు కిందికి వస్తాయి, పైకి చూస్తే తూకం సరిపోయినట్టే ఉంటుంది. కానీ కనెక్టింగ్ రాడ్డు వాలు వల్ల పిస్టన్ పైసగంలో వేగంగా, కిందిసగంలో నిదానంగా కదులుతుంది. పైకి పోయేవీ కిందికి వచ్చేవీ ఆ మేరకు సరిపడవు. క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు అదురు వస్తుంది. మూడు సిలిండర్లలో చుట్టుకి ఒకసారి వచ్చే అదురూ, రెండుసార్లు వచ్చే ఈ అదురూ, రెండూ తమంతట తామే రద్దయిపోతాయి. వినేదానికి వింతగా ఉంది కదా? బేసి సంఖ్య మేలు చేసింది. మిగిలేది ఒక్కటే: మూడు పిస్టన్లూ వరసలో వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి ఇంజన్ ఆ కొసా ఈ కొసా ఊగాలని చూస్తుంది. దాన్ని మెత్తటి రబ్బరు మౌంటింగులకు వదిలేశారు.

ఐడిలింగులో మారుతి ‘దుడదుడ’ మంటుంది గదా, దానికి ఇంకో కారణముంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకు, అంటే 720 డిగ్రీలకు, ప్రతి సిలిండరూ ఒక్కసారి పేలుతుంది. మూడున్నాయి కాబట్టి 240 డిగ్రీలకు ఒక పేలుడు. ఒక పేలుడు తోసేది మహా అయితే 180 డిగ్రీలు. మధ్యలో 60 డిగ్రీల పాటు ఎవరూ తొయ్యరు. ఆ ఖాళీని ఫ్లైవీల్, అంటే క్రాంక్ కొసన ఉండే బరువైన చక్రం, దాటించాలి. నిదానంగా తిరిగేటప్పుడు ఆ ఖాళీ మనకు తెలుస్తుంది, రేసు పెంచగానే కలిసిపోతుంది. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1, 3, 2. పిల్లలు ఎప్పుడైనా బానెట్ ఎత్తి, ఐడిలింగ్ దగ్గర కళ్లు మూసుకుని వినండి. ఆ ఖాళీ చెవికి దొరుకుతుంది.

మేస్త్రీలకు తెలిసిన సంగతి ఒకటి పిల్లల కోసం చెప్తాను. బండి మిస్ కొడుతోందని తెస్తారు. ప్లగ్ వైర్లు ఒక్కొక్కటీ లాగి చూస్తాం. నాలుగు సిలిండర్ల అంబాసిడర్‌లో ఒకటి నీరసంగా ఉన్నా బండి నెట్టుకొస్తుంది. యజమానికి నెలల తరబడి తెలియకపోవచ్చు. మారుతిలో ఒకటి పడుకుంటే మూడో వంతు బలం పోయినట్టే, వీధి మలుపు దాటకముందే తెలిసిపోతుంది. వాల్వుల దగ్గర సందు, చల్లటి ఇంజన్ మీద మిల్లీమీటరులో ఐదో వంతో ఆరో వంతో ఉండేది, అది తప్పినా తెలుస్తుంది. ఫీలర్ గేజి బ్లేడు ఆ సందులో పెట్టి లాగితే, వేళ్లకు సన్నటి పట్టు తగలాలి. జారిపోకూడదు, ఇరుక్కోకూడదు. ఆ పట్టు ఎంత ఉండాలో కాగితం మీద రాసి చెప్పలేను. మేస్త్రి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. దాక్కునే చోటు లేదని నేను అనేది దీన్నే. చేసినోడు దాక్కోలేడు, చూసుకునేవాడూ దాక్కోలేడు.

ఇంకో లెక్క. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది, లీటరుకి 20 ఇస్తోంది, ఇంజన్ 3000 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. గంటకు మూడు లీటర్లు. సెకనుకు ఒక సీసీ కూడా కాదు. ఆ సెకనులో 75 పేలుళ్లు. భాగిస్తే ఒక్కో పేలుడుకి వచ్చేది 11 ఘనపు మిల్లీమీటర్ల పెట్రోలు. ఒక నీటి బొట్టులో ఐదో వంతు! ఆ కాస్త పెట్రోలుని గాలిలో సరిపాళ్లలో కలిపి, మూడు సిలిండర్లకూ పంచి, పిస్టన్ పైకొచ్చే ముందు సరిగ్గా సమయానికి నిప్పంటించాలి. పాత మోడళ్లలో ఇదంతా చేసింది కంప్యూటర్ కాదు. కార్బరేటర్‌లో ఇత్తడి జెట్టు, డిస్ట్రిబ్యూటర్‌లో రెండు చిన్న బరువులు, ఒక వాక్యూమ్ డబ్బా. గొట్టం నడుము సన్నగా ఉన్నచోట గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, జెట్టులోంచి పెట్రోలు తనంతట తనే పైకొస్తుంది. ఆ జెట్టు రంధ్రం కొలిచి తొలిచింది. దయచేసి దాంట్లో తీగ పెట్టి కెలకొద్దు. గాలి కొట్టండి చాలు. కంటికి కనపడని గీత పడినా పాళ్లు మారిపోతాయి.

సరే, అసలు ప్రశ్నకొద్దాం. కారుకి ఎంత బలం కావాల? మనుషులతో కలిపి తొమ్మిది వందల కిలోలు తూగే చిన్న కారు, సమతలం రోడ్డు మీద 60లో పోవాలంటే చక్రాల దగ్గర కావాల్సింది సుమారు ఐదు హార్స్ పవర్. అంతే. 100లో పోవాలంటే పదిహేను, పదహారు. గాలిని చీల్చుకుపోయే ఖర్చు వేగంతో పాటు ఘనాల లెక్కన పెరుగుతుంది కాబట్టి అంత తేడా. మన ట్రంకు రోడ్డు మీద, ఊళ్ల మధ్య, సంతల మధ్య మామూలు మనిషి తిరిగే తిరుగుడంతా ఆ ఐదు, పది లోపలే అయిపోతుంది. వంద హార్స్ పవర్ ఇంజన్ కొన్నవాడు మిగిలిన తొంభైని రోజంతా మోసుకు తిరుగుతున్నాడు.

మోస్తే పోయిందేముంది అంటారా? పోయేది పెట్రోలు. పెట్రోలు ఇంజన్‌లో బలం తగ్గించాలంటే థ్రాటిల్ మూస్తాం, గాలిదారి ఇరుకవుతుంది. అప్పుడు పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఖాళీని లాగుతూ దిగాలి. ఆ లాగుడు దండగ శ్రమ. పెద్ద ఇంజన్ని చిన్న పనికి పెడితే థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది, దండగ ఎక్కువ. పైగా పెద్ద బేరింగులు, పెద్ద రింగులు, వాటి రాపిడి వేరే. చిన్న ఇంజన్ అదే పనిని థ్రాటిల్ బాగా తెరుచుకుని, ఛాతీ నిండా గాలి పీల్చుకుని చేస్తుంది. మనది గిత్తల సీమ కాబట్టి ఇట్టా చెప్తాను: బండలాగే పందెపు ఎద్దుని ఖాళీ బండికి కట్టినంత మాత్రాన దాని మేత తగ్గదు. చీమకుర్తి క్వారీ నుంచి గ్రానైట్ దిమ్మె మోసే లారీకి ఆ పెద్ద ఇంజన్ ఉండాల్సిందే, అది రోజంతా నిండు బరువు మీదే ఉంటుంది. ఒక మనిషి ఒంగోలు నుంచి సింగరాయకొండ పోయొచ్చేదానికి అది వద్దు.

అంబాసిడర్‌తో పోల్చి చూడండి. దాని 1489 సీసీ ఇంజన్ ఇచ్చేది 50 హార్స్ పవర్ దగ్గర. బండి బరువు పదకొండు వందల కిలోల పైన. మారుతి ఇంజన్ దాంట్లో సగానికి కొంచెం ఎక్కువ సైజు, ఇచ్చేది 39 వరకు. బండి బరువు సుమారు 650. టన్నుకి ఎంత బలం అని లెక్క తీస్తే మారుతిదే పైచెయ్యి. అంబాసిడర్ని నేను చిన్నబుచ్చట్లేదు, ఆ బండి మన రోడ్ల మీద చేసిన సేవ ఏ బండీ చెయ్యలేదు. ఇంజన్ చిన్నదైతే దాన్ని మోసే చట్రం చిన్నదవుతుంది, బ్రేకులు చిన్నవవుతాయి, టైర్లు చిన్నవవుతాయి, అవన్నీ తగ్గితే ఇంకా చిన్న ఇంజన్ సరిపోతుంది. ఈ వరస ఎక్కడ మొదలవుతుందో పిల్లలు గమనించాలని చెప్తున్నాను.

ఫియట్ సంగతి చెప్పకుండా దాటలేను. మనం ఫియట్ అని పిలిచిన ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ. బోరు 68, స్ట్రోకు 75. ఈ రెండు అంకెల చరిత్ర తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. 1937లో ఇటలీలో ఫియట్ వాళ్లు 508సీ అనే బండి తెచ్చారు. దాంట్లో ఇవే కొలతలు: 68, 75, 1089. దాని వెనక ఉన్న ఇంజనీరు దాంతే జియకోసా. బొంబాయి కుర్లాలో పద్మిని ఆగిపోయింది ఈ శతాబ్దం మొదలయ్యేటప్పుడు. అంటే అరవై ఏళ్లు దాటి ఆ బోరూ స్ట్రోకూ అట్టాగే నిలబడ్డాయి. మధ్యలో ప్రపంచ యుద్ధం ఒకటి అయిపోయింది, దేశాలు మారిపోయాయి. 508సీ నాడు 32 హార్స్ పవర్ ఇచ్చిన ఆ కొలతలు పద్మిని నాటికి నలభై దాటించాయి. అదే జియకోసా 1936లో 569 సీసీతో తొపొలీనో అనే బుల్లి కారు చేశాడు, 1957లో వెనక ఇంజన్‌తో రెండు సిలిండర్ల ఫియట్ 500 చేశాడు. అది మొదట్లో 479 సీసీ, 13 హార్స్ పవర్, గాలితోనే చల్లబడేది. నన్నడిగితే, సామాన్యుడి కారు కోసం ఒక మనిషి ఇంత కాలం, ఇంత శ్రద్ధగా ఆలోచించిన సందర్భం ఇంకోటి లేదు.

ఆ ఫియట్లూ అంబాసిడర్లూ మన ఎండల్లో పడ్డ పాట్లు మేస్త్రీలకు గుర్తుంటాయి. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. నెల్లూరు నుంచి ఏకబిగిన వచ్చి టీకొట్టు దగ్గర ఆపుతారు. టీ తాగి స్టార్ట్ చేస్తే బండి ఉలకదు పలకదు. నడిచినంత సేపూ ఫ్యాను గాలి, పారే పెట్రోలు కలిసి పంపుని చల్లగా ఉంచుతాయి. ఆపగానే ఇంజన్ వేడి మొత్తం పైకొచ్చి, పంపులో, గొట్టంలో ఉన్న పెట్రోలుని ఆవిరి చేస్తుంది. ఆ పంపు ద్రవాన్ని తోసేదానికి చేసింది, ఆవిరిని నొక్కితే నొక్కుడు పడుతుంది గానీ ముందుకు పోదు. అప్పుడు డ్రైవర్ సీటు కింద నుంచి గుడ్డ తీసి, తడిపి, పిండి, పంపు మీద కప్పేవాడు. నీళ్లు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతాయి, లోపల పెట్రోలు మళ్లీ ద్రవమవుతుంది, ఐదు పది నిమిషాల్లో బండి కదులుతుంది. ఫిజిక్స్ పుస్తకంలో గుప్తోష్ణం అని ఒక పాఠం ఉంది. నేను క్లాసులో ఆ పాఠాన్ని ఈ తడిగుడ్డతోనే చెప్పేవాణ్ణి.

ఇంకా వెనక్కి పోతే మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. 948 సీసీ, 1961లో మన దేశంలో మొదలైంది. మద్రాసు దగ్గర కాబట్టి నెల్లూరు వైపు బాగా కనపడేది. దాని బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. ముందు టైరు మీదే కూర్చుని ట్యూనింగ్ చేసుకోవచ్చు. మెకానిక్ నడుముని గుర్తుపెట్టుకుని చేసిన బండి అది. సముద్రపు గాలికి కింద చట్రం తినేసి చాలా వరకు తుక్కులోకి పోయాయి. బాధగా ఉంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఇంజన్. ఇది మన దేశానిది కాదు, మన రోడ్ల మీద మీరు చూసి ఉండరు. ఫ్రాన్సులో సిత్రోయెన్ 2సీవీ. ఆ కంపెనీని నడిపిన పియెర్ బులాంజే తన ఇంజనీర్లకు ఇచ్చిన పని ఏందంటే: ఇద్దరు రైతులు, యాభై కిలోల బంగాళాదుంపలు, గంటకు అరవై కిలోమీటర్లు, వంద కిలోమీటర్లకు మూడు లీటర్లు. దున్నిన చేలో నుంచి పోయినా బుట్టలో కోడిగుడ్లు పగలకూడదు. యుద్ధానికి ముందే నమూనాలు తయారయ్యాయి. జర్మన్ల చేతికి చిక్కకుండా దాచేశారు. చివరికి 1948లో పారిస్ ప్రదర్శనలో బయటపెట్టారు. ఇంజన్ 375 సీసీ. రెండే సిలిండర్లు, ఎదురెదురుగా పడుకుని. తొమ్మిది హార్స్ పవర్.

వాల్తర్ బెకియా అనే ఇంజనీరు ఈ ఇంజన్‌లోంచి ఏమేం తీసేశాడో చూడండి. ముందు నీళ్లు తీసేశాడు. రేడియేటర్ లేదు, పంపు లేదు, హోసు పైపులు లేవు, గడ్డకట్టే నీళ్లు లేవు, కారే నీళ్లు లేవు. ముందొక ఫ్యాను, గాలితో చల్లబడుతుంది. తర్వాత హెడ్ గ్యాస్కెట్ తీసేశాడు. ఇది మేస్త్రీలు జాగ్రత్తగా వినాలి. బోరు, హెడ్డు కలిసే చోట ప్యాకింగే లేదు. రెండు లోహాలనూ ఎంత నునుపుగా, ఎంత కచ్చితంగా కోశారంటే, బిగిస్తే చాలు, గ్యాసు బయటికి రాదు. ఇంజన్ చౌక, కానీ కోత పనితనం చౌక కాదు. లేని వస్తువు పాడవదు, మనం ఎన్ని గ్యాస్కెట్లు మార్చి ఉంటాం ఇంతవరకు!

ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ తీసేశాడు. ఇది ఇంకా అందం. రెండు పిస్టన్లూ ఎదురెదురుగా ఒకేసారి బయటికి పోతాయి, ఒకేసారి లోపలికి వస్తాయి. రెండూ బయటికొసకు చేరినప్పుడు ఒకదాంట్లో మిశ్రమం నొక్కుడు పడి పేలేదానికి సిద్ధంగా ఉంటుంది, రెండోదాంట్లో కాలిన పొగ బయటికిపోతా ఉంటుంది. కాబట్టి ఏ ప్లగ్గుకి ఎప్పుడు కరెంటు పంపాలి అని విడదీసే పనే లేదు. రెండు ప్లగ్గులకూ ప్రతిసారీ పంపెయ్. ఒక నిప్పురవ్వ పని చేస్తుంది, రెండోది పొగలో పడి ఆరిపోతుంది, నష్టమేం లేదు. క్యాప్ లేదు, రోటర్ లేదు, తడిసి మొండికెయ్యడం లేదు. కనెక్టింగ్ రాడ్డుకి కింద క్యాపూ బోల్టులూ లేవు. రాడ్డుని ఒకే ముక్కగా చేసి, క్రాంకునే ముక్కలుగా చేసి, రాడ్డు ఎక్కించి నొక్కి కలిపేశారు. రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదులుతాయి కాబట్టి ఒకదాని అదురుని ఇంకోటి మింగేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి రోజంతా నడిపినా తట్టుకునే ఇంజన్ అని దానికి పేరు. సైజు పెరిగి 602 సీసీ దాకా వచ్చింది గానీ ఆలోచన మారలేదు. ఆ కారు 1990 వరకు తయారైంది. నాలుగు దశాబ్దాలు. తీసేస్తూ పోవడం ఎంత పెద్ద విద్యో తెలియాలంటే ఈ ఇంజన్ బొమ్మ ముందు పెట్టుకుని ఒక రాత్రి కూర్చోండి.

మినీ గురించి క్లుప్తంగా. 1956లో సూయెజ్ కాలువ గొడవతో ఇంగ్లండులో పెట్రోలుకి రేషన్ వచ్చింది. దాని ఫలితం 1959లో అలెక్ ఇసిగోనిస్ చేసిన మినీ. అప్పటికే ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్ని 848 సీసీకి తగ్గించి, అడ్డంగా తిప్పి, గేరుబాక్సుని దాని కింద చాంబర్‌లోకే దించేశాడు. రెండిటికీ ఒకే ఆయిల్. గేరు పళ్లు నలిపిన ఆయిలే బేరింగులకూ పోతుంది, కాబట్టి ఆయిల్ మార్పు విషయంలో బద్ధకం కుదరదు. మొదట్లో డిస్ట్రిబ్యూటర్ ముందు గ్రిల్లు వైపు ఉండి, వానలో తడిసి ఆగిపోయేదట, తర్వాత అడ్డుకట్ట పెట్టారు. అయినా పది అడుగుల కారులో నలుగురు కూర్చునేట్టు చేసిన ఘనత అదే. ఇంజన్ని అడ్డంగా పెట్టి ముందు చక్రాలు తిప్పే పద్ధతి ఇవాళ మీ ఊళ్లో ఏ చిన్న కారు బానెట్ ఎత్తినా కనపడుతుంది. పోటీల కోసం పెంచిన ఇంజన్లతో 1964, 65, 67ల్లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచింది. చిన్నదని ఎగతాళి చేసినవాళ్లందరికీ మంచు కొండల మీద జవాబు చెప్పింది.

జపాన్‌లో దారి వేరు. అక్కడ ప్రభుత్వమే గీత గీసింది: ఇంజన్ ఇంత సీసీ దాటకపోతే పన్ను తక్కువ. 1955 నుంచి ఆ గీత 360 సీసీ, 1976లో 550, 1990లో 660. గీత లోపల ఉంటూ ఎక్కువ ఎవరు రాబడతారని కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. మగ్గాలు చేసే సుజుకి కంపెనీ 1955లోనే సుజులైట్ అని 360 సీసీ కారు తెచ్చింది. 550 గీత వచ్చాక వాళ్లు చేసిన మూడు సిలిండర్ల ఇంజన్ 543 సీసీ. దాని కుటుంబంలో పెద్దదే ఈ బల్ల మీదిది. జపాన్ పన్ను చట్టం నేర్పిన పొదుపు 1983 డిసెంబరు 14న మన దేశంలో మొదటి మారుతి తాళాలతో పాటు మనకొచ్చింది. ఇదే ఇంజన్ మారుతి వ్యాన్‌లో ముందు సీట్ల కిందికి చేరింది. మన దగ్గర ఆ వ్యాన్లు బడిపిల్లల్ని మోశాయి, పెళ్లి సామాన్లు మోశాయి, రాత్రిపూట రోగుల్ని నెల్లూరు ఆసుపత్రులకు మోశాయి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. ఆల్టోలో ఇదే 796 సీసీ, వాల్వులు పెంచుకుని, 2023 దాకా బతికింది.

చిన్న ఇంజన్ని నడిపే తీరు ఒకటుంది, అది తెలియక చాలామంది పాడుచేస్తారు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నారు, నలుగురు మనుషులు, సామాను. పెట్రోలు మిగులుతుందని మూడో గేరులోనే తొక్కుతూ పోతారు, ఇంజన్ ముక్కుతా ఉంటుంది. చుట్లు తక్కువ, ఒత్తిడి ఎక్కువ. పేలుడు తోపుకి క్రాంక్ తొందరగా తప్పుకోదు, బేరింగుల మీద దెబ్బ పడుతుంది, లోపల టకటకమని కొట్టుకుంటుంది, వేడెక్కుతుంది. రెండో గేరుకి దించండి. అరుపు పెరిగినా భయపడొద్దు. ఈ ఇంజన్‌కి తిరగడమంటే కష్టం కాదు, తిరగనివ్వకపోవడమే కష్టం. ఘాట్ దిగేటప్పుడు కూడా అదే గేరు, బ్రేకులు కాలవు.

దీని పరిమితులు కూడా నేను దాచను. ఐదుగురి బండిలో తొమ్మిదిమందిని ఎక్కించి ఇంజన్ బాలేదనకూడదు. హైవే మీద లారీని దాటాలంటే ఖాళీ దూరం ఎక్కువ చూసుకోవాల్సిందే. పాత చిన్న కార్ల బాడీలు గుద్దుకుంటే మనిషిని కాపాడే బలం ఉన్నవి కావు, ఆ విషయంలో ఇప్పటి కార్లే మేలు. నా అభిమానం ఇంజన్ మీద, ప్రాణం మీదకు తెచ్చుకోమని చెప్పను. టైమింగ్ బెల్టు విషయంలో మాత్రం వాయిదా వెయ్యొద్దు. బాగానే ఉందిగా అని కంటితో చూసి చెప్పే వస్తువు కాదది. కిలోమీటర్లు అయ్యాయంటే మార్చెయ్యాల, బండి నిలబడే ఉన్నా ఏళ్లు గడిస్తే మార్చెయ్యాల.

ఇందాక వచ్చేటప్పుడు ఒక మేస్త్రి అడిగారు, కొత్త పెట్రోలుతో పాత కార్బరేటర్ బండ్లు సతాయిస్తున్నాయి, ఏం చెయ్యాలని. మంచి ప్రశ్న, దాంతో ముగిస్తాను. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, అందుకని దానికి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోలు ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు కావాలి, ఒట్టి ఇథనాల్‌కి తొమ్మిది చాలు, ఇరవై శాతం కలిపితే పదమూడున్నర దగ్గరకొస్తుంది. ఎంపీఎఫ్ఐ బండిలో, అంటే కార్బరేటర్ బదులు కంప్యూటర్ లెక్కన పెట్రోలు చిమ్మే బండిలో, సెన్సార్ పసిగట్టి కొంతవరకు సర్దుకుంటుంది. మీ జెట్టుకి కళ్లు లేవు, పాత లెక్కనే పోస్తుంది. దాంతో మిశ్రమం పలచనవుతుంది. పొద్దున స్టార్టింగ్ మొండికేస్తుంది, తొక్కగానే ఒక్క క్షణం వెనకాడుతుంది, ప్లగ్ తీస్తే తెల్లగా ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కూడా ఆరేడు శాతం తగ్గుతుంది, దానికి ఎవర్నీ తిట్టి లాభం లేదు.

చెయ్యాల్సింది ఇది. మెయిన్ జెట్టు ఒక్క సైజు పెద్దది వెయ్యండి, ఒక్క సైజే. కొంత దూరం నడిపి ప్లగ్ తీసి చూడండి, ఇటుకపొడి రంగుకి రావాలి. ఐడిలింగ్ మిశ్రమం స్క్రూ మళ్లీ సెట్ చెయ్యండి. పాత రబ్బరు హోసులన్నీ తీసేసి ఇథనాల్‌కి తట్టుకునేవి వెయ్యండి, పంపు డయాఫ్రమ్, కార్బరేటర్ డయాఫ్రమ్ కూడా మార్చండి. పాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ముక్కలై జెట్టులో కూర్చుంటుంది. ఇథనాల్ గాలిలోని తేమని లాక్కుంటుంది, మన కోస్తా గాలిలో తేమకి కొదవలేదు. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, రేకుకి తుప్పు అక్కణ్ణించే మొదలవుతుంది. కాబట్టి వారం వారం తిప్పే బండి అయితే ట్యాంకు నిండుగా ఉంచండి, లోపల గాలికి చోటుండదు. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే ట్యాంకు, కార్బరేటర్ గిన్నె రెండూ పూర్తిగా ఖాళీ చేసి నిలబెట్టండి.